పెద్దసారు పక్కన కూర్చుంటే

దిల్‌సుఖ్‌నగర్‌కు చదువు కోసం రావడం కొత్త సంగతి కాదు. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం బస్సులు ఎల్బీనగర్ చౌరస్తాలో దించిన యువతీయువకులు సంచులు భుజాన వేసుకుని చైతన్యపురి, కొత్తపేట, గడ్డిఅన్నారం సందుల్లో గదులు వెతుక్కోవడం ఏళ్లుగా చూస్తున్నదే. ఇక్కడి కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, కర్రీ పాయింట్లు, జిరాక్స్ దుకాణాలు వాళ్ల మీదే బతుకుతాయి. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో మొదలయ్యాక ఆ రాకపోకలు ఇంకా సులువయ్యాయి. ఆ గుంపులో ఇప్పుడు కొత్త ముఖాలు కలిశాయి. తల నెరిసినవాళ్లు, దగ్గరి చూపుకు అద్దాలు పెట్టుకునేవాళ్లు, పిల్లల పెళ్లిళ్ల వయసుకు వచ్చినవాళ్లు. వాళ్లకు ఉద్యోగం లేక కాదు. ప్రభుత్వ బళ్లలో ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతూనే ఉన్నారు. ఆదివారం వచ్చేసరికి మాత్రం టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) గైడు పట్టుకుని బెంచీ మీద కూర్చుంటున్నారు.

2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పే దీనికి కారణం. విద్యాహక్కు చట్టం రాకముందు ఉద్యోగంలో చేరినవాళ్లయినా సరే, పదవీ విరమణకు ఐదేళ్లకు మించి గడువుంటే రెండేళ్లలో టెట్ పాసు కావాలని కోర్టు చెప్పింది. ఐదేళ్లలోపు ఉన్నవాళ్లు టెట్ లేకుండానే కొనసాగవచ్చుగానీ పదోన్నతి దక్కదు. 2002, 2008 డీఎస్సీల్లో నెగ్గి, ఇక పరీక్షలన్నీ అయిపోయాయనుకున్న ఉపాధ్యాయులకు ఇది పెద్ద కుదుపు. నూట యాభై మార్కుల పేపరు, రెండున్నర గంటలు. జనరల్ అభ్యర్థికి 90, బీసీలకు 75, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు 60 మార్కులు రావాలి. హైస్కూలు తెలుగు పండితుడైనా రెండో పేపరులో అరవై మార్కులకు గణితం-సైన్సు గానీ సాంఘికశాస్త్రం గానీ రాయాల్సిందే. ఇంగ్లిషు ముప్పై మార్కులు అందరికీ ఉంటాయి. పద్య భాగాన్ని కంఠతా చెప్పి తరగతిని మైమరపించే మాస్టారు ఇప్పుడు పదో తరగతి వదిలాక మళ్లీ ముట్టుకోని లెక్కలను రాత్రిపూట ముందేసుకుని కూర్చోవాలి. ఆయన తెలియకపోవడానికి భయపడటం లేదు. తెలియదన్న సంగతి నలుగురికీ తెలుస్తుందేమోనని భయపడుతున్నారు. రిజల్టు వచ్చిన రోజు స్టాఫ్‌రూంలో ఎవరి ముఖం ఎలా ఉంటుందో, ఆ కబురు పిల్లల దాకా ఎప్పుడు పాకుతుందో అన్న బెంగ అది.

ఈ బెంగను ఎవరు పట్టించుకోవాలి? కోర్టు పట్టించుకోదు, అది దాని పని కాదు. డైరెక్టరేట్ నుంచి సర్క్యులర్ వస్తుంది, అందులో తేదీలుంటాయి. జిల్లా కార్యాలయం వివరాలు అడుగుతుంది. అన్నీ దిగివచ్చి ఆగే చోటు ఒకటే, హెడ్‌మాస్టరు గది. తెలంగాణ బళ్లలో పిల్లలు ఆయన్ను పెద్దసారు అంటారు, ఆవిడైతే పెద్దమేడం. ఈ తీర్పు తప్పా ఒప్పా అన్న చర్చ ఉపాధ్యాయ సంఘాలు చేస్తున్నాయి, చేయాలి కూడా. ఇక్కడ మనకు కావలసింది అంతకన్నా చిన్న విషయం. పెద్దవయసు మనిషిని మళ్లీ విద్యార్థిగా కూర్చోమన్నప్పుడు ఆ మనిషి మర్యాద ఎవరి చేతుల్లో ఉంటుందన్నదే ఆ విషయం. అది పెద్దసారు చేతుల్లోనే ఉంటుందని మా నమ్మకం.

ఈ నేల మీద బడికి మార్పు అలవాటే. మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ దాటి చైతన్యపురి తర్వాత వచ్చే స్టేషన్‌కు విక్టోరియా మెమోరియల్ అని పేరు. సరూర్‌నగర్‌లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ హయాంలో అనాథ బాలల కోసం మొదలైన వసతి గృహం పేరది. ఆ ప్రాంగణం నిలబడి ఉన్న కాలంలోనే ఈ ప్రాంతపు బళ్లలో చదువు చెప్పే భాష రెండుసార్లు మారింది. హైదరాబాద్ రాజ్యంలో పై తరగతుల చదువంతా ఉర్దూలో సాగేది. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత మాతృభాషలో బోధనకు దారి తెరుచుకుంది. అంతవరకు గణితం, భూగోళం ఉర్దూలో నేర్చుకుని ఉర్దూలోనే చెప్పిన మాస్టార్లు ఆ పరిభాషనంతా పక్కన పెట్టి తెలుగులో పాఠం చెప్పవలసి వచ్చింది. వాళ్లు ఇంట్లో మాట్లాడేది తెలుగే. అయినా బోర్డు ముందు నిలబడితే మాట తడబడింది. తర్వాత 2008లో సక్సెస్ స్కూళ్ల పేరుతో ఉమ్మడి రాష్ట్రం హైస్కూళ్లలో ఆరో తరగతి నుంచి ఇంగ్లిషు మీడియం సెక్షన్లు తెరిచింది. 2022-23లో తెలంగాణ సర్కారు బళ్లన్నిటికీ ఇంగ్లిషు మీడియం వచ్చింది. ఒక పేజీలో ఇంగ్లిషు, ఎదుటి పేజీలో అదే పాఠం తెలుగులో ఉండే పుస్తకాలు పిల్లల చేతికి అందాయి.

ఆ పుస్తకం తెరిచిన ఆరో తరగతి గదిని ఒకసారి దగ్గరగా చూడాలి. సైన్సు టీచరు ఇంగ్లిషు పేజీ నుంచి ఒక వాక్యం చదువుతారు. పిల్లల కళ్లు ఎదుటి పేజీ మీదకు జారుతాయి. టీచరు కూడా అటే చూసి తెలుగులో వివరించడం మొదలుపెడతారు. గొంతులోకి అప్పుడు పాత జీవం వస్తుంది, ఉదాహరణలు దొర్లుతాయి, వెనక బెంచీ పిల్లవాడు చెయ్యెత్తుతాడు. అంతలో వరండాలో పెద్దసారు చెప్పుల చప్పుడు. టీచరు చటుక్కున ఇంగ్లిషు పేజీలోకి వెళ్లిపోతారు. వాక్యం తర్వాత వాక్యం చదువుతూ పోతారు. చెయ్యెత్తిన పిల్లవాడు చెయ్యి దించేస్తాడు. పెద్దసారు గుమ్మం దగ్గర ఓ క్షణం ఆగి, ఇంగ్లిషు వినపడుతోంది కదా అని తృప్తిపడి వెళ్లిపోతారు.

అక్కడ ఎవరి తప్పూ లేదు, కానీ నష్టం జరిగిపోయింది. టీచరు ఆ రోజు పిల్లల కోసం కాకుండా గుమ్మం కోసం పాఠం చెప్పారు. అదే పెద్దసారు లోపలికి వచ్చి, వెనక బెంచీలో కూర్చుని, పాఠం అయ్యాక "మేడం, తెలుగులో చెప్పినప్పుడు వాడు చెయ్యెత్తాడు చూశారా, ఆ ప్రశ్న ఏమిటో కనుక్కుని, దానికి జవాబు మాత్రం ఇంగ్లిషులో రెండు వాక్యాల్లో చెప్పించండి, మిగతాది మీ ఇష్టం" అని ఉంటే ఆ గదిలో ఇంగ్లిషు మీడియం నిజంగా మొదలయ్యేది. అప్పుడు ఆయన మార్పును రెండు వాక్యాలకు కుదించినట్టయ్యేది. రెండు వాక్యాలు ఎవరైనా చేయగలరు. వచ్చేనెల నాలుగు చేయమనవచ్చు.

మార్పు అనగానే టీచర్లు అడ్డం తిరుగుతారన్న మాట తరచూ వింటుంటాం. కొంతమంది నిజంగానే తిరుగుతారు, దాని సంగతి తర్వాత చూద్దాం. ఎక్కువమంది విషయంలో మనం మొండితనం అనుకునేది భయం, లేదంటే అలసట. "ఈ వయసులో నాకెందుకు సార్ ఇవన్నీ, చిన్నవాళ్లెవరికైనా చెప్పండి" అనే సీనియర్ మేడం చెప్పలేక మింగేసిన మాట "నాకు రావడం లేదు" అన్నది. పెద్దసారుకు పై మాట మాత్రమే వినపడితే మెమో దాకా వెళుతుంది. లోపలి మాట వినపడితే "నాకూ రాలేదు మేడం, మొన్న నా మనవరాలు చూపించింది. లీజర్ పీరియడ్‌లో ఇద్దరం కూర్చుందాం" అంటారు. 2025 ఆగస్టు నుంచి తెలంగాణ సర్కారు బళ్లలో టీచర్ల హాజరు ముఖ గుర్తింపు యాప్‌లోకి మారింది. నెట్ అందక, ఫోను పాతదై, వెలుతురు చాలక పొద్దున్నే స్క్రీను ముందు ముఖం అటూ ఇటూ తిప్పుకోవడం చిన్నపిల్లలు చూస్తుంటే ఎంత ఇబ్బందో ఆ వరసలో నిలబడ్డవాళ్లకే తెలుసు. ఆ వరసలో పెద్దసారు కూడా అందరితోపాటు నిలబడి, ఎవరికి పడకపోతే వాళ్ల పక్కన ఆగితే చాలు. గదిలో కూర్చుని రిపోర్టు చూసి పిలిపిస్తే మాత్రం ఆ రోజంతా స్టాఫ్‌రూంలో వేరే మాట ఉండదు.

ప్రపంచంలో బడి నాయకత్వం మీద చాలా పరిశోధన జరిగింది. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయానికి చెందిన వివియన్ రాబిన్సన్, ఆమె సహచరులు అలాంటి అధ్యయనాలను ఒకచోట చేర్చి 2008లో ఒక వ్యాసం ప్రచురించారు. ప్రధానోపాధ్యాయులు చేసే రకరకాల పనుల్లో పిల్లల చదువు మీద దేని ప్రభావం ఎక్కువ అని లెక్క తీశారు. లక్ష్యాలు పెట్టడం, వనరులు సమకూర్చడం, క్రమశిక్షణ చూడటం అన్నీ ఉన్నాయి అందులో. అన్నిటికన్నా పైన నిలిచింది టీచర్ల శిక్షణను ప్రోత్సహించడమే కాక అందులో తానూ ఒక అభ్యాసకుడిగా పాల్గొనడం. శిక్షణకు టీచర్లను పంపి తాను ఆఫీసులో ఉండిపోయే హెడ్‌మాస్టరు కన్నా వాళ్ల పక్కన కూర్చుని నోట్సు రాసుకునే హెడ్‌మాస్టరు బడిలో పిల్లలు బాగా నేర్చుకుంటున్నారన్నమాట. ఎందుకంటే, పక్కన కూర్చున్న మనిషికే ఆ పని ఎక్కడ కష్టంగా ఉందో తెలుస్తుంది. ఏది వెంటనే సాధ్యం, దేనికి ఇంకో ఆర్నెల్లు పడుతుంది అన్నది ఆయనకు అనుభవంలోకి వస్తుంది. పైగా పెద్దసారే తప్పు జవాబు రాసి, దిద్దుకుని, నవ్వి ఊరుకుంటే మిగతావాళ్లకు తప్పు రాయడం సిగ్గుపడాల్సిన సంగతి కాకుండా పోతుంది. టెట్ మోడల్ పేపరు ఒకటి శనివారం సాయంత్రం స్టాఫ్‌రూంలో పెట్టుకుని పెద్దసారుతో సహా అందరూ రాసే బడి ఎల్బీనగర్ పరిసరాల్లో ఒకటైనా ఉంటే, ఆ బడి టీచర్లకు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ అవసరం సగం తగ్గుతుంది. మార్కులు మాత్రం ఎవరివి వాళ్లే చూసుకోవాలి. వాటిని గోడకు అంటిస్తే మొదటికే మోసం.

సరిదిద్దడం గురించి కూడా ఒక మాట. తెలుగులో 'రైలుబడి'గా చాలామంది చదివిన టోటోచాన్ కథలో టోక్యో బడి హెడ్‌మాస్టరు కొబయాషిని అందరూ పిల్లల్ని ప్రేమించిన మనిషిగా గుర్తుపెట్టుకుంటారు. ఆయన టీచర్లతో ఎలా ఉండేవారో చెప్పే ఘట్టం ఒకటుంది, దాన్ని అంతగా ఎవరూ తలుచుకోరు. ఎత్తు పెరగని ఒక పిల్లవాణ్ని తరగతిలో టీచరు మాటవరసకు తోక గురించి ఏదో అడిగింది. ఆమె మనసులో కల్మషం లేదు. అయినా ఆ మాట ఆ పిల్లవాడి మనసులో ఎక్కడ గుచ్చుకుంటుందో హెడ్‌మాస్టరుకు తెలుసు. ఆయన ఆమెను గట్టిగానే మందలించారు. అయితే ఆ మందలింపు స్టాఫ్‌రూంలో జరగలేదు, ఇతర టీచర్లెవరూ లేని వంటగదిలో జరిగింది. ఆ మాటలు టోటోచాన్ చెవిన పడ్డాయి కాబట్టి మనకు తెలిశాయి. పిల్లవాడి మర్యాదను నిలపడానికి టీచరు మర్యాదను బలిపెట్టనక్కర్లేదని ఆయనకు తెలుసు. మన బళ్లలో ఈ వంటగది కొరవడింది. చెప్పదలచుకున్నదంతా స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పేరు పెట్టి రాయడం అలవాటైపోయింది. "ఫలానా సార్ ఇంకా ఎంట్రీ చేయలేదు" అని రాత్రి తొమ్మిదింటికి నలభై మంది చూసేలా వస్తుంది. ఆ సార్ ఎంట్రీ చేస్తారు. ఆ తర్వాత బడి కోసం అడగకుండా చేసే పనులు ఒక్కొక్కటే మానేస్తారు.

అదే గ్రూపులో ఇంకో అలవాటు కూడా పాకింది. పైనుంచి వచ్చిన సర్క్యులర్‌ను చదవకుండానే కింద గ్రూపులోకి పంపించేయడం. పన్నెండు పేజీల పీడీఎఫ్ రాత్రి పది గంటలకు వస్తే, వంటిల్లు సర్దుకుంటున్న టీచరు అందులో తనకు సంబంధించిన రెండు ముక్కలు వెతుక్కోవాలి. దొరక్క తెల్లవారి భయంతో బడికి వస్తారు. పెద్దసారు ముందుగా తాను చదివి, "ఇందులో రేపు చేయాల్సింది ఇదొక్కటే, మిగతాది శనివారం మాట్లాడుకుందాం" అని ఒక్క ముక్క రాస్తే ముప్పై మంది నిద్ర నిలబడుతుంది. 2022 ఆగస్టు 15న మొదలైన తొలిమెట్టు, తర్వాత హైస్కూలు తరగతులకు వచ్చిన ఉన్నతి, కొత్త కొత్త యాప్‌లు, యూడైస్ వివరాలు, మధ్యాహ్న భోజనం లెక్కలు, ఎఫ్‌ఏలు, ఎస్‌ఏలు అన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. వీటిలో చాలావాటి ఉద్దేశం మంచిదే. చదవడం రాని పిల్లవాడికి ముందు చదవడం నేర్పాలన్న తొలిమెట్టు ఆలోచనను కాదనేవాళ్లెవరు? కానీ కొత్తది తెచ్చిన ప్రతిసారీ పాతది ఒకటి దించే అలవాటు మనకు లేదు. బడి లోపల తాము రాయించుకునే రిజిస్టర్లు కొన్ని ఉంటాయి, పైవాళ్లు ఎవరూ అడగనివి, ఎప్పటినుంచో వస్తున్నాయి కాబట్టి రాస్తున్నవి. వాటిని ఆపే అధికారం హెడ్‌మాస్టరుకు ఉంది. కొత్త పని చెప్పేరోజే ఒక పాత రిజిస్టరు మూసేసి చూడమనండి, ఆ కొత్త పని పట్ల టీచర్ల ముఖాలు ఎలా మారతాయో.

2024 డీఎస్సీ ద్వారా వచ్చిన కొత్త టీచర్లు ఆ ఏడాది అక్టోబరు 9న ఎల్బీ స్టేడియంలో నియామక పత్రాలు అందుకుని బళ్లలో చేరారు. పదివేల మందికి పైగా వచ్చిన ఈ తరం సంగతి వేరు. వాళ్లలో చాలామంది ఇదే దిల్‌సుఖ్‌నగర్ గదుల్లో ఏళ్లతరబడి చదివి నెగ్గినవాళ్లు. టెట్ వాళ్లకు కొట్టిన పిండి, ఫోను ఒంటిలో భాగం. ఇక సీనియర్ల దగ్గర ఉన్నది ఏ గైడులోనూ దొరకదు. ఎల్బీనగర్ చుట్టుపక్కల సర్కారు బళ్లకు అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ల పిల్లలు, భవన నిర్మాణం కోసం బిహార్, ఒడిశాల నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు వస్తారు. జూన్‌లో చేరిన పిల్లవాడు సంక్రాంతి తర్వాత ఉంటాడో లేదో తెలియదు. తల్లి ఏ ఇంట్లో పనిచేస్తుందో, తండ్రి ఎప్పుడు ఊరెళతాడో, పిల్లవాడు వరసగా రెండు రోజులు రాకపోతే ఎవరికి ఫోను చేయాలో సీనియర్ మేడంకు నోటికి తెలుసు. తెలివైన పెద్దసారు ఈ ఇద్దరినీ ఒక జట్టు చేస్తారు. చిన్నావిడ పెద్దావిడకు లెక్కల్లో మెళకువలు చెబుతుంది, పెద్దావిడ చిన్నావిడకు తెలుగు రాని పిల్లవాణ్ని తరగతిలో కలుపుకోవడం చూపిస్తుంది. ఇచ్చిపుచ్చుకోవడం రెండువైపులా ఉండాలి. "జూనియర్ దగ్గర నేర్చుకోండి" అని ఒకవైపే చెబితే సీనియర్ మనసు విరిగిపోతుంది, జూనియర్‌కు లేనిపోని పెద్దరికం అంటుకుంటుంది.

ఒక విషయంలో మాత్రం పెద్దసారు మెత్తబడకూడదు. టెట్ చదువు పిల్లల పీరియడ్‌లోకి రాకూడదు. తరగతికి ఏదో రాతపని ఇచ్చి టేబుల్ కింద గైడు తిప్పే పరిస్థితి వస్తే ఆ తీర్పు ఏ నాణ్యత కోసం వచ్చిందో ఆ నాణ్యతే పోతుంది. లీజర్ పీరియడ్లు సర్దుబాటు చేయడం, సబ్‌స్టిట్యూషన్ల భారం కొన్ని నెలలు కొత్తవాళ్ల మీద, తనమీద వేసుకోవడం, పరీక్ష ముందు సెలవులు ఒకేసారి అందరూ పెట్టకుండా ముందే కూర్చోబెట్టి తేదీలు రాయించుకోవడం, ఇవన్నీ చేయాలి. ఇవి చేసిన పెద్దసారుకు "తరగతి గదిలో మాత్రం గైడు కనిపించొద్దు" అనే హక్కు వస్తుంది. చేయనివారు అంటే ఎవరూ వినరు.

నిజంగానే పని ఎగ్గొట్టేవాళ్లూ ఉంటారని పైన అనుకున్నాం. వాళ్లను భయపడేవాళ్లతో కలిపి ఒకే గాటన కట్టడమే హెడ్‌మాస్టర్లు తరచూ చేసే పొరపాటు. ఇద్దరు ఎగ్గొడుతున్నారని ఇరవై మంది మీద నిఘా పెడతారు. ఇరవై మందికీ మనసు కష్టపడుతుంది, ఆ ఇద్దరూ మాత్రం నిఘాను తప్పించుకునే దారి ముందే కనిపెడతారు. ఎవరికి సాయం కావాలి, ఎవరికి గట్టి మాట కావాలి అన్నది రిపోర్టుల్లో తేలదు. తరగతి గదుల్లో తిరిగితేనే, స్టాఫ్‌రూంలో టిఫిన్ డబ్బా విప్పుకుని కూర్చుంటేనే తెలుస్తుంది.

ప్రైవేటు బళ్ల సంగతి ఎత్తకపోతే ఈ ప్రాంతం గురించి మాట్లాడినట్టే కాదు. కొత్తపేట, చైతన్యపురి, కర్మన్‌ఘాట్, వనస్థలిపురం సందుల్లో మూడంతస్తుల భవనాల్లో నడిచే చిన్న బళ్లు వేల కుటుంబాలకు దిక్కు. అక్కడ ప్రిన్సిపల్ పైన కరస్పాండెంట్ ఉంటారు, కింద టీచర్లుంటారు, గేటు దగ్గర తల్లిదండ్రులుంటారు. పక్క వీధిలో పెద్ద కార్పొరేట్ బడి ఏదో కొత్త ఫౌండేషన్ కోర్సు మొదలుపెడితే వచ్చే జూన్ కల్లా ఇక్కడా అది ఉండాలి. పుస్తకాలు మారతాయి, డిజిటల్ బోర్డు వస్తుంది, టీచర్లకు రెండు రోజుల శిక్షణ ఇచ్చి మూడో రోజు తరగతిలోకి పంపుతారు. ఎక్కువమంది టీచర్లు చుట్టుపక్కల ఇళ్ల ఆడవాళ్లే. ఇక్కడ భయానికి మర్యాదతోపాటు జీతం కూడా తోడవుతుంది. రాదని చెబితే వచ్చే ఏడాది ఉద్యోగం ఉంటుందో ఉండదో. కరోనాలో బళ్లు మూతపడి ప్రైవేటు టీచర్లు కూరగాయలు అమ్ముకోవలసి వచ్చినప్పుడు, 2021 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం నెలకు రెండు వేల రూపాయలు, ఇరవై ఐదు కిలోల బియ్యం ఇచ్చింది. ఆ రోజులు ఈ టీచర్లు మరిచిపోలేదు. అంతకుముందు ఏడాదే వాళ్లు రాత్రికి రాత్రి ఫోను ముందు నిలబడి పాఠం చెప్పడం నేర్చుకున్నారు. ఎవరూ శిక్షణ ఇవ్వలేదు, ఒకరికొకరు ఫోన్లు చేసుకుని నేర్చుకున్నారు. అంత మార్పును మోసినవాళ్లు కొత్త బోర్డుకు భయపడుతున్నారంటే భయం బోర్డు గురించి కాదని ప్రిన్సిపల్ గ్రహించాలి. "మొదటి ఆర్నెల్లు ఎవరినీ దీనిమీద లెక్కగట్టం" అని కరస్పాండెంట్ చేత ఒప్పించుకుని వచ్చి టీచర్లకు చెప్పగలిగిన ప్రిన్సిపల్ ఆ బడికి దొరికిన అదృష్టం. ప్రైవేటు బడిలో ఈ మాట పైకి చెప్పడానికి చాలా ధైర్యం కావాలి, ఆ ధైర్యం చేస్తున్నవాళ్లు లేకపోలేదు.

ఇంతసేపూ పెద్దసారు ఏం చేయాలో చెప్పుకున్నాం. ఆయనకు ఎవరున్నారు? సర్కారు హెడ్‌మాస్టరు ఒక్క బడికే పరిమితం కాదు. రెగ్యులర్ మండల విద్యాధికారులు (ఎంఈవోలు) లేక ఏళ్లతరబడి హెడ్‌మాస్టర్లకే ఇన్‌చార్జి బాధ్యతలు అప్పగిస్తూ వచ్చారు. చుట్టుపక్కల బళ్లను కలిపిన స్కూల్ కాంప్లెక్స్ బాధ్యత ఉంటుంది. మహిళా సంఘాల సభ్యులతో 2024లో ఏర్పడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీకి ఆయనే మెంబర్ కన్వీనర్, మరమ్మతుల దగ్గర నుంచి బిల్లుల దాకా చూసుకోవాలి. చాలా బళ్లలో గుమాస్తా లేరు. మధ్యాహ్నం దాకా ఫైళ్లతో సరిపోతే తరగతి గదిలో వెనక బెంచీ మీద కూర్చునే తీరిక ఎక్కడిది? తాను కూడా తెలియనిది నేర్చుకుంటున్నవాడేనని చెప్పుకోవడానికి ఆయనకు సాటి మనిషి దొరకడు. స్టాఫ్‌తో అనలేరు, పైవాళ్లతో అసలే అనలేరు. జాతీయ విద్యా విధానం 2020 ప్రధానోపాధ్యాయులకు ఏటా యాభై గంటల వృత్తి శిక్షణ ఉండాలని చెప్పింది. అందులో నాయకత్వం, పాలన కూడా చేర్చింది. ఆ గంటల్లో యాప్‌ల వాడకం నేర్పి సరిపెడితే ప్రయోజనం లేదు. భయపడుతున్న సహోద్యోగితో ఎలా మాట్లాడాలి, చెడ్డ వార్త స్టాఫ్ మీటింగ్‌లో ఎలా చెప్పాలి, పైనుంచి వచ్చిన ఆదేశం తమ బడికి కుదరదని మర్యాదగా ఎలా రాయాలి అన్నవి సీనియర్ హెడ్‌మాస్టర్లే జూనియర్లకు చెప్పే ఏర్పాటు ఉంటే బాగుంటుంది. సరూర్‌నగర్, హయత్‌నగర్ మండలాల్లో ముప్పై ఏళ్ల సర్వీసు చేసి రిటైరైనవాళ్లు ఎంతోమంది ఇదే కాలనీల్లో ఉంటున్నారు. పిలిస్తే రానివాళ్లు తక్కువ.

సుప్రీంకోర్టు ఇచ్చిన రెండేళ్లు 2027 ఆగస్టుతో ముగుస్తాయి. అందులో కొంత ఇప్పటికే గడిచింది. విద్యాశాఖ ఈలోగా చేయగలిగింది కొంత ఉంది. టెట్ రాయాల్సిన టీచర్లు ఎందరున్నారో ప్రతి కాంప్లెక్స్‌కూ తెలుసు. వాళ్ల కోసం కాంప్లెక్స్ స్థాయిలోనే శనివారం సాయంత్రాలు తరగతులు పెట్టి, ఆ ప్రాంతంలోని గణితం, సైన్సు స్కూల్ అసిస్టెంట్ల చేత చెప్పించవచ్చు. తెలుగు, హిందీ పండితులు తమవంతుగా గణితం వాళ్లకు భాషా భాగం చెబుతారు. ఫలితాలను బడివారీగా, పేరువారీగా ఎక్కడా ప్రదర్శించకూడదని, ఎవరి ఫలితం వాళ్లకే అందాలని ఒక స్పష్టమైన ఆదేశం ఇవ్వవచ్చు. హెడ్‌మాస్టర్లకు ఈ కొన్ని నెలలైనా ఇతర మండల బాధ్యతలు తగ్గించవచ్చు. ఖర్చు ఎక్కువ కాదు. వచ్చే కాంప్లెక్స్ సమావేశం ఎజెండాలో వివరాల సేకరణ, యాప్ అప్‌డేట్‌ల కన్నా ముందు ఈ అంశాన్ని మొదటి వరుసలో రాసి, హెడ్‌మాస్టర్లను ముందుగా వాళ్ల బళ్లలో ఎవరు ఎక్కడ ఇబ్బంది పడుతున్నారో పేర్లు లేకుండా చెప్పమని అడిగితే పని మొదలవుతుంది.